ఆరని దీపానికి నిదానం

దీపం ఆరిపోతే అశుభమని తలచే దేశం మనది. సందెవేళ గూటిలో పెట్టిన దీపం గాలికి కొండెక్కితే ఇల్లాలి మనస్సు కలుక్కుమంటుంది. అట్టి ఇండ్లలోకి ఇటీవలి కాలంలో విపరీత లక్షణం గల దీపం ఒకటి వచ్చి చేరింది. ఆరటం దాని క్షేమం, ఆరకపోవటం దాని అశుభం. మోటారుకారులో స్టీరింగు చక్రానికి ఎదుట, వేగాన్ని చూపే ముల్లు ప్రక్కన, పసుపుకొమ్ము రంగులో, ఇంజను ఆకారంలో వెలిగే చిన్న దీపమది. తాళంచెవి త్రిప్పగానే అది వెలగాలి. ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరకుండా నిలిచిపోతే "చెక్ లైటు పడింది" అంటారు మెకానిక్కులు. పడటమనే క్రియను ఈ దీపానికి మొదట ఎవరు తగిలించారో గాని, పిడుగు పడటం వంటి ధ్వని అందులో బాగా పలికింది.

హైదరాబాదు నుంచి నాగపూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన ఉన్న కామారెడ్డిలో ఈ మాటకు కొదువ లేదు. 2016 అక్టోబరు 11వ తేదీన ఆ పట్టణం జిల్లాకేంద్రమైన తరువాత ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ ప్రాంతాలవారికి కచ్చేరీ పనులు అక్కడనే. వచ్చిపోయే బండ్లలో పాతవి చాలా ఉంటాయి. పాత బండిని గుర్తించటానికి పత్రాలు చూడనక్కరలేదు, నంబరు పలక చాలు. 'ఏపీ 25' అని ఉంటే అది ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో 2014 జూన్‌కు పూర్వం నమోదైనది. 'టీఎస్ 16' రాష్ట్రం ఏర్పడిన పిదపది. 'టీఎస్ 17' కామారెడ్డి జిల్లా ఏర్పడిన పిదపది. 'టీజీ 17' 2024 మార్చి తరువాతిది. లిపిని బట్టి శాసనకాలం నిర్ణయించే పండితుని పని కన్న ఇది ఎంతో సులభం.

ఆ 'ఏపీ 25' బండ్లలో ఒకదానిని ఊహించండి. దాని యజమాని ఎల్లారెడ్డిలో కాపురముండి, లింగంపేట మీదుగా నలబై కిలోమీటర్ల పైచిలుకు దూరం రోజూ ప్రయాణం చేసి కామారెడ్డి పాఠశాలలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు. ఒకనాడు దీపం వెలిగింది, ఆరలేదు. బండి నడకలో పెద్ద తేడా లేదు. పెట్రోలు మాత్రం కొంచెం ఎక్కువ త్రాగుతున్నది. మొదటి షెడ్డులో బ్యాటరీ తీగ ఊడదీసి, పది నిమిషాలాగి తిరిగి బిగించారు. దీపం ఆరింది, మూడవ రోజున మళ్ళీ వెలిగింది. రెండవ షెడ్డులో స్కానరు తగిలించి, అంకె చూచి, ఆక్సిజన్ సెన్సారు మార్చారు. కొన్ని వేల రూపాయలు ఖర్చయినవి. వారం రోజులు గడిచాక దీపం మళ్ళీ వచ్చింది. మూడవచోట ఇంకా ఖరీదైన భాగం పేరు చెప్పారు. అప్పటికి ఆ ఉపాధ్యాయునికి కారు మీద కన్న మనుషుల మీద నమ్మకం తగ్గి ఉంటుంది. ఈ కథ కల్పితమే. కాని పాత కారు గలవారిలో దీనిని చదివి తల ఊపనివారు తక్కువ.

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదన్నది గమనించదగిన విషయం. ముగ్గురూ దీపాన్ని చూచారు. దీపం దేనిని చూచిందో ఎవరూ అడుగలేదు.

తెలుగులో 'నిదానం' అంటే తొందరపడకపోవటం. సంస్కృత వైద్యశాస్త్రంలో అదే మాటకు మూలకారణమనీ, రోగనిర్ణయమనీ అర్థం. మాధవకరుని గ్రంథానికి 'మాధవనిదానం' అన్న పేరు అందువలన వచ్చినదే. ఒక మాటకు ఈ రెండర్థాలూ ఉండటం కాకతాళీయమే కావచ్చును గాని, పాత కారు విషయంలో రెండూ ఒకటే. రోగాన్ని తెలుసుకొనే మార్గాలు ఐదని ఆయుర్వేదం చెప్పింది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. రోగానికి దారితీసిన హేతువు మొదటిది. ముందుగా పొడసూపే చిన్న గుర్తులు రెండవది. స్పష్టపడిన లక్షణం మూడవది. ఔషధమో ఆహారమో ఇచ్చి, తగ్గుతున్నదా పెరుగుతున్నదా అని పరీక్షించటం నాలుగవది. దోషం శరీరంలో ఏ దారిన నడిచి రోగమైనదో ఆ క్రమం ఐదవది. వెలిగే దీపం వీటిలో మూడవది మాత్రమే. అది రూపం. ఒక్క రూపాన్ని చూచి మందిచ్చే వైద్యుణ్ణి పూర్వులు మెచ్చుకొనలేదు.

అసలు ఈ దీపం పుట్టింది డ్రైవరు సౌకర్యం కోసం కాదు, ఊరిగాలి కోసం. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని కమ్మి కండ్లు మండించిన పొగమంచుకు మోటారు బండ్ల పొగ, ఎండ కలిసి కారణమని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950ల తొలి సంవత్సరాలలో నిరూపించాడు. బండి తన పొగలోని దోషాన్ని తానే కనిపెట్టి చెప్పాలన్న నిబంధన ఆ కాలిఫోర్నియా రాష్ట్రంలోనే 1988 నాటి కార్లతో అమలులోకి వచ్చింది. అన్ని కంపెనీలవారికీ ఒకే భాష, పదహారు కాళ్ళు గల ఒకే తీరు సాకెట్టు ఉండాలన్న పద్ధతి 1996లో అమెరికా అంతటా స్థిరపడింది. మనదేశంలో భారత్ స్టేజ్ 4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు మొదలైన 13 నగరాలలో ముందుగా వచ్చింది. ఈ స్వయంపరీక్ష మొదటి మెట్టు దానితోనే వచ్చింది, రెండవ మెట్టు 2013 ఏప్రిల్‌లో. దేశమంతటికీ ఆ ప్రమాణం విస్తరించింది 2017లో. కాబట్టి ఒకే ఏడు తయారైన రెండు కార్లలో హైదరాబాదులో కొన్నది ఎక్కువ మాటలు నేర్చినది, కామారెడ్డిలో కొన్నది తక్కువ నేర్చినది కావచ్చును. స్కానరు పట్టుకొనే ముందు బండి ఏ ప్రమాణానిదో తెలుసుకొనవలసి ఉన్నది.

ఇక స్కానరు చూపే అంకె సంగతి. ఉపాధ్యాయుని కారు పలికినది 'పీ-0171'. ఇందులో 'పీ' ఇంజను, గేరుపెట్టెల వర్గాన్ని తెలుపుతుంది. తరువాతి సున్న అన్ని కంపెనీలకు సమానమైన అంకె అని చెప్పుతుంది. అక్కడ ఒకటి ఉంటే అది ఆ కంపెనీ సొంత అంకె. పిదపనున్న 1 పెట్రోలు, గాలి కలయికకు సంబంధించినది. అదే చోట 3 ఉంటే మంట రాజుకొనటంలో దోషం. చివరి రెండంకెలు విశేషం చెప్పుతాయి. మొత్తం మీద దీని భావం: "మిశ్రమం పలుచగా ఉన్నది." అంతకు మించి అది ఒక్క మాట కూడా అనలేదు. ఫలానా భాగం చెడిపోయిందని గాని, ఫలానాదానిని మార్చుమని గాని అందులో లేదు.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఆ పాలు కుదిరిందో లేదో తెలుసుకొనటానికి పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారును పెట్టారు. బాష్ కంపెనీ చేసిన ఈ పరికరం మొదట 1976లో వోల్వో కార్లలోకి వచ్చింది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే దాని విద్యుత్తు 0.1 వోల్టు దగ్గరకు పడిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 దగ్గరకు ఎక్కుతుంది. ఇంజను వేడెక్కి, బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ రెండింటి నడుమ ఊగుతూ ఉంటుంది. పలుచన అని కంప్యూటరుకు వార్త మోసినది ఈ సెన్సారే. వార్త మోసినవానినే పట్టి మార్చివేయటం రెండవ షెడ్డులో జరిగిన పని. దూతను చంపరాదని లంకలో విభీషణుడు రావణునికి చెప్పవలసి వచ్చింది. కారుషెడ్లలో ఆ మాట చెప్పేవారు కరవైనారు. పాతబడిన సెన్సారు అబద్ధమాడే సందర్భాలు లేకపోలేదు. కాని వోల్టు ఊగుతున్నదా, ఒకేచోట మొద్దుబారి నిలిచిందా అని చూడకుండా దానిపై తీర్పు చెప్పరాదు.

అసలు దోషి ఎవరు కావచ్చును? సెన్సారు లెక్కకు చిక్కని గాలి ఏ రబ్బరు గొట్టం పగులులోనుంచో ఇంజనులోకి జొరబడి ఉండవచ్చును. పెట్రోలు పంపు అలసి ఉండవచ్చును. ఫిల్టరు మూసుకొని ఉండవచ్చును. సెన్సారుకు ముందు పొగగొట్టంలో సన్నని చిల్లి ఉంటే, బయటిగాలి లోపలికి పీల్చుకొనబడి, మిశ్రమం సరిగా ఉన్నా పలుచగా ఉన్నట్లు కనబడవచ్చును. ఒక సిలిండరు సరిగా మండక 'మిస్సింగు' కొట్టినా మండని ఆక్సిజన్ పొగలోకి వచ్చి అదే భ్రమ కలిగించవచ్చును. ఒక రూపానికి ఇన్ని నిదానాలు. వీటిని వేరు చేయటానికి విప్పటం, మార్చటం అక్కరలేదు. చదవటం చాలు.

ఆ చదువు పేరు 'ఫ్యూయల్ ట్రిమ్'. స్కానరులోనే, అంకె చూపిన తెర వెనుక, శాతాల రూపంలో అది ఉంటుంది. మిశ్రమం పలుచబడినప్పుడు కంప్యూటరు ఊరుకోదు. పులుసు పలుచనైతే పిండి కలిపే ఇల్లాలి వలె ఇంకొంచెం పెట్రోలు చల్లిస్తుంది. ఎంత కలిపిందో ఆ లెక్క వ్రాసిపెట్టుకొంటుంది. పది శాతానికి లోబడి ఉంటే కలవరపడనక్కరలేదు. ఇరవై, ఇరవైఐదు దాటి, ఇంక కలపటం తన వల్ల కాదనుకొన్నప్పుడు దీపం వెలిగిస్తుంది. అనగా దీపం వెలగటానికి ఎన్నో రోజుల ముందే శాతాలు మెల్లగా ఎక్కుతూ ఉండి ఉంటాయి. పూర్వరూపమంటే ఇదే. పెట్రోలు కొంచెం ఎక్కువ త్రాగుతున్నదన్న యజమాని ఫిర్యాదు కూడా పూర్వరూపమే. షెడ్డులో దానిని ఎవరూ వ్రాసికొనలేదు.

బండిని నిలిపి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆ శాతం ఎంతో చూడాలి. తరువాత యాక్సిలరేటరు త్రొక్కి నిమిషానికి 2500 చుట్లు తిరిగేటట్లు నిలిపి మళ్ళీ చూడాలి. గాలి కొలిచే మీటరు గల బండ్లలో, నెమ్మదిలో 22 శాతం ఉండి వేగంలో 5 శాతానికి దిగిందంటే దొంగగాలి జొరబడుతున్నదని అర్థం. ఏలననగా చిల్లిలోనుంచి వచ్చే గాలి దాదాపు అంతే ఉంటుంది, ఇంజను పీల్చే గాలి పెరిగేకొద్దీ దాని వంతు స్వల్పమవుతుంది. నెమ్మదిలో బాగుండి, గట్టు ఎక్కేటప్పుడు శాతం పెరిగితే పెట్రోలు చాలటం లేదని గ్రహించాలి. పంపును, ఫిల్టరును చూడాలి. గాలి మీటరుకు మారుగా పీడనం కొలిచే సెన్సారు గల చిన్న కార్లున్నవి. వాటిలో ఇదే చిల్లి శాతంలో అంతగా కనబడక, నిలిపిన బండి ఇంజను వేగంగా తిరగటంలో బయటపడవచ్చును. కొన్ని వందల రూపాయల స్కానరుతో, కొద్ది నిమిషాలలో, ఒక్క స్పానరు ముట్టకుండా జరిగే పరీక్ష ఇది.

చిల్లి ఉన్నదని తెలిసిన తరువాత ఎక్కడ ఉన్నదో కనుక్కొనటం రైతుబిడ్డలకు కొత్త విద్య కాదు. ఎలుక బొరియకు పొగబెట్టినట్లు ఇంజను గాలిదారిలోకి పొగ ఎక్కిస్తారు. ఏ గొట్టం మడతలోనుంచి పొగ సన్నగా లేస్తే అక్కడనే పగులు. తరచుగా అది ఒక రబ్బరు గొట్టం, లేక దాని మీద బిగుసుకొనవలసిన పట్టీ. మార్చివేసిన సెన్సారు ఖరీదులో అది ఎన్నవ వంతో లెక్కవేస్తే ఆ ఉపాధ్యాయుడు నిట్టూర్చక మానడు.

ఉపశయమనే నాలుగవ మార్గానికి మెకానిక్కుల విద్యలో చక్కని ఉదాహరణ ఉన్నది. 'పీ-0303' అంకె వచ్చిందనుకొనండి. మూడవ సిలిండరులో మంట తప్పుతున్నదని దాని అర్థం. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా తెలియదు. ప్రతి సిలిండరుకు వేరు కాయిలు గల బండిలో మూడవదానిని తీసి ఒకటవ దానిపై, ఒకటవదానిని మూడవ దానిపై పెట్టి నడిపిస్తారు. ఈసారి 'పీ-0301' వస్తే రోగం కాయిలుతో కూడా నడిచి వచ్చిందన్నమాట. అంకె మారకపోతే కాయిలు నిర్దోషి. పైసా ఖర్చు లేదు. తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలు బోధించే అధ్యాపకునికి ఇంతకు మించిన దృష్టాంతం దొరకటం కష్టం.

కామారెడ్డి ప్రాంతంలో ఇప్పుడు ఏ మెకానిక్కు అయినా మొదట అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: "2025 ఆగస్టులో ఈ బండి ఎక్కడ ఉన్నది?" ఆ నెల చివరి వారంలో జిల్లాలో కురిసిన అతివృష్టికి పట్టణంలోని కాలనీలలో ఇండ్లలోకి నీరు చేరింది. రహదారి, రైలుదారి తెగి రాకపోకలు నిలిచినవి. బండ్లు నీట నానినవి. ఇంజనులోకి నీరు పోయిన బండి వెంటనే మూలపడుతుంది, దాని రోగం దాచినా దాగదు. చక్రాల ఎత్తు వరకు నానిన బండి అట్లా కాదు. ఎండలో ఆరి, మామూలుగా నడుస్తుంది. కాని సీట్ల క్రింద, తివాచీ చాటున తీగలు కలిసే ప్లగ్గులలో చెమ్మ చేరి ఉంటుంది. రాగి మీద పచ్చని చిలుము నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఇంజనును బ్యాటరీతో కలిపే 'ఎర్తు' తీగ తుప్పుపట్టుతుంది. అప్పుడు కంప్యూటరుకు అందే వోల్టులన్నీ అంతో ఇంతో తప్పుతాయి. ఈ రోజు ఒక అంకె, రేపు మరొకటి, వానపడిన రోజున ఇంకొకటి వస్తాయి. పొంతన లేని అంకెలు గుంపుగా వచ్చినప్పుడు భాగాలను కాక తీగలను అనుమానించాలన్నది అనుభవజ్ఞుల మాట. పొలాల ప్రక్కన నిలిపే బండ్లలో ఈ పని ఎలుక కూడా చేస్తుంది.

మరొక హేతువు అందరి బండ్లలోనూ ప్రవేశించింది. పెట్రోలులో ఇథనాలు కలపటం 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఈ ఆలోచన మనకు కొత్తది కాదు, పవర్ ఆల్కహాలు చట్టం 1948లోనే వచ్చింది. నిజాంసాగర్ నీటితో చెరకు పండిన నేల మీదివారికి సారాయి బట్టీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇథనాలులో ఆక్సిజన్ ముందే ఉన్నందున దానికి ఒక పాలుకు 9 పాళ్ళ గాలి చాలు. ఇరవై శాతం కలిస్తే మొత్తానికి కావలసిన గాలి 13.5 ప్రాంతానికి దిగుతుంది. పాత లెక్కతో నడిచే కంప్యూటరుకు ఇది పలుచనగా తోచి, కొన్ని శాతాలు పెట్రోలు కలుపుకొంటుంది. ఆరోగ్యంగా ఉన్న బండి దీనిని సహిస్తుంది. కాని అప్పటికే చిన్న పగులు వలన పద్దెనిమిది శాతం మీద కాలం వెళ్ళబుచ్చుతున్న బండికి ఈ కొద్దిపాటి అదనమే గీత దాటిస్తుంది. అందరూ తప్పంతా ఇథనాలు మీద వేస్తారు, పగులు అట్లాగే ఉంటుంది. పాత రబ్బరుకు ఇథనాలు పడదన్న మాట మాత్రం నిజం. ఆ విధంగా రెండు కారణాలు ఒకదానినొకటి పెంచటం కూడా కద్దు.

దీపం నిలకడగా వెలగటం వేరు, మిణుకుమిణుకుమని కొట్టుకొనటం వేరు. రెండవది కనబడితే వేగం తగ్గించి బండిని ప్రక్కన నిలపటమే మంచిది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోతున్నదని దాని హెచ్చరిక. అక్కడ ప్లాటినం, పెల్లేడియం, రోడియం వంటి విలువైన లోహాలు పూసిన క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్నది. పచ్చి పెట్రోలు దానిలో మండితే లోపలి జల్లెడ కరిగిపోతుంది. అటుపిమ్మట 'పీ-0420' అనే అంకె వస్తుంది. దానిని చూచి కొత్త కన్వర్టరు వేస్తే, మంట తప్పుతున్న సిలిండరు దానిని కూడా కాల్చివేస్తుంది. సంప్రాప్తిని, అనగా రోగం నడిచిన దారిని, తెలియకపోతే ఎంత నష్టమో ఈ ఒక్క అంకె చెప్పుతుంది.

ఇంత తెలిసిన మెకానిక్కులు కామారెడ్డిలో లేరా అంటే, ఉంటారు. వారికి ఆ పని చేసే తీరిక ఎవరు ఇచ్చారు? వైద్యుడు నాడి చూచి, మందు వ్రాయకుండా పంపినా ఫీజు చెల్లిస్తాము. మెకానిక్కు గంటసేపు తీగలు పరీక్షించి, అరిగిన పట్టీ ఒకటి బిగించి కూలి అడిగితే "ఇంతమాత్రానికేనా?" అంటాము. అదే అతడు వేల రూపాయల సెన్సారు డబ్బా విప్పి బిగిస్తే మారుమాటాడక చెల్లిస్తాము. డబ్బాకు ధర ఉన్నది, ఆలోచనకు లేదు. కాబట్టి అతడు డబ్బా అమ్ముతాడు. భాగాలు మార్చే విద్య పెరిగి నిదానం తరుగటానికి సగం బాధ్యత బేరమాడే యజమానులది. పరీక్షకు ఇంత అని ముందే మాట్లాడుకొని, దోషం తేలిన తరువాతనే భాగం సంగతి ఎత్తే పద్ధతి పెట్టుకొన్న షెడ్డుకు నాలుగు రాళ్ళు ఎక్కువైనా ఇవ్వవచ్చును.

పాత కారు కొనేవారికి ఈ దీపం ఇంకొక రకంగా పనికివస్తుంది. ఆరి ఉన్న దీపం కూడా అబద్ధమాడవచ్చును. తాళం త్రిప్పి, ఇంజను పట్టించకుండా చూడాలి. దీపం అసలే వెలగకపోతే ఎవరో దానిని ఊడదీశారని అనుమానించాలి. వెలిగి ఆరినా తృప్తిపడరాదు. ఉదయమే అంకెలు చెరిపివేసి బండిని అమ్మకానికి పెట్టి ఉండవచ్చును. స్కానరులో స్వయంపరీక్షలు పూర్తయినవా లేదా అన్న పట్టిక ఒకటి ఉంటుంది. పరీక్షలు చాలావరకు 'పూర్తి కాలేదు' అని చూపితే స్మృతి ఇటీవలనే తుడిచివేయబడిందన్నమాట. బ్యాటరీ తీగ ఊడదీసినా ఇదే జరుగుతుంది. మొదటి షెడ్డులో పోయినది దీపం ఒక్కటే కాదు. దీపం వెలిగిన క్షణాన ఇంజను వేడి ఎంత, వేగం ఎంత, బరువు ఎంత అని కంప్యూటరు దాచిన సాక్ష్యం కూడా పోయింది. అందుచేత దేనినీ చెరపక ముందు ఆ తెరను ఫోనుతో ఫొటో తీసికొనటం మేలు.

చెరపవలసిన అవసరం నిజానికి చాలా తక్కువ. సామాన్యంగా ఈ దోషాలలో పెక్కింటిని కంప్యూటరు వరుసగా రెండు ప్రయాణాలలో చూచిన తరువాతనే దీపం వెలిగిస్తుంది. దోషం సవరించిన పిమ్మట వరుసగా మూడు ప్రయాణాలు నిర్దోషంగా సాగితే తానే ఆర్పివేస్తుంది. అంకె మాత్రం మరికొంత కాలం స్మృతిలో ఉండి, ఇంజను చల్లబడి మళ్ళీ వేడెక్కటం నలబై మార్లు జరిగిన పిదప చెరిగిపోతుంది. ఎల్లారెడ్డి నుంచి ఉదయం వచ్చి సాయంకాలం తిరిగిపోయే బండికి రోజుకు రెండు మార్లు. పగిలిన గొట్టం మార్చిన సోమవారం మొదలుకొని దీపం ఆ బుధవారానికే ఆరవచ్చును. నలబై మార్లు పూర్తి కావటానికి ఇరవై బడిరోజులు పట్టుతుంది.